పటములోనివారి పేర్లు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



తెలుగున కావ్యము వ్రాసిన కవి ప్రతి యాశ్వాసము తుదను ఒక గద్యము చేర్చుట వాడుక. అందు కవి పేరు, తండ్రి పేరు, గ్రంథము పేరు ఉండును. తాళపత్రములు ముందు వెనుక లూడిపోయినను, నడిమి గద్యమొక్కటి మిగిలెనేని కర్త యెవరో తెలియును. ఛాయాచిత్రమునకు అట్టి గద్యము లేదు. ఇంటింటను గుమ్మముపైనను, దేవుని గూటి ప్రక్కను, ట్రంకుపెట్టె అడుగునను పాత పటములున్నవి. పటము కట్టించిననాడు అందలివారి పేర్లు వ్రాయవలెనను తలంపు ఎవరికిని కలుగలేదు. చూచువారందరకు వారు తెలిసినవారే కదా! అరువదియేండ్లు గడచిన పిమ్మట మనుమడు వచ్చి "ఈమె యెవరు?" అని అడుగగా సమాధానము చెప్పువారు ఇంట లేరు. ముఖము మిగిలినది, పేరు పోయినది.

ఈ రజతోత్సవ సమయమున గ్రామములోని పాత పటములకు పేర్లు చేర్చుపని గ్రంథాలయము చేపట్టుట మిక్కిలి యుక్తము. ఐతే ఆ పని యెట్లు చేయవలెనో ముందుగా తెలిసికొనవలెను. తప్పు పేరు వ్రాయుటకంటె పేరు వ్రాయకుండుట మేలు. పేరులేని పటమును చూచినవాడు వెదకును. తప్పుపేరు గల పటమును చూచినవాడు వెదకుట మానును.

గుర్తుపట్టు విద్యకు హనుమంతుడు గురువు. సుందరకాండమున అతడు రావణుని అంతఃపురము వెదకుచు, శయ్యపై నిద్రించుచున్న మండోదరిని చూచి, రూపయౌవనములనుబట్టి సీతయే యని భ్రమించెను. సంతోషము పట్టలేక తోకను ముద్దాడెను, స్తంభములెక్కెను. పిదప నిలిచి యాలోచించెను. రాముని యెడబాసిన సీత ఇట్లు అలంకరించుకొని సుఖముగా నిద్రించునా? ఈమె మరియొకతె యని నిశ్చయించి మరల వెదకుట కారంభించెను. అశోకవనమున మలినవస్త్రముతో కృశించియున్న స్త్రీని చూచినప్పుడు రూపము నొక్కదానినే నమ్మలేదు. రాముడు చెప్పిన ఆభరణములెవ్వి, ఋశ్యమూకముపై జారవిడిచినవెవ్వి, ఒంటిపై మిగిలినవెవ్వి యని లెక్క చూచెను. జారవిడిచినవి ఇక్కడ లేవు, విడువనివి ఉన్నవి. కొండపై దొరికిన ఉత్తరీయపు వన్నెయు, ఆమె కట్టిన వస్త్రపు వన్నెయు ఒక్కటే. లెక్క సరిపడిన తరువాతనే సీత యని తెలిసికొనెను.

పాత పటము చేతికి వచ్చినప్పుడు జరుగునదియు ఇదియే. మొదట కలుగు సంతోషము మండోదరిని సీతగా చూపును. "మా తాతగారే! ముక్కు చూడుడు, నిలుచుండుట చూడుడు" అని ఇల్లంతయు సంబరపడును. ముక్కు వంశమునకంతటికిని ఒక్కటే కావచ్చును. తాత ముక్కు, తాత తమ్ముని ముక్కు, పినతాత కొడుకు ముక్కు ఒకదానికొకటి సాక్ష్యము చెప్పలేవు. ఒకదానితో నొకటి సంబంధములేని ఆనవాళ్లు రెండు మూడు కలిసి ఒకే పేరును చూపవలెను.

వ్యక్తిని గుర్తింపబోవుటకు ముందు కాలమును గుర్తించుట మంచిది. కాలము తెలిసిన, ఆనాటికి పుట్టనివారును, గతించినవారును తమంతట తామే తొలగిపోవుదురు. ఒక యుదాహరణము. మహాత్మాగాంధీ వచ్చినప్పుడు తీసిన పటమని ఆంధ్రదేశమున అనేక గృహములలో చూపుదురు. ఆయన ఈ ప్రాంతములకు పలుమారులు వచ్చెను. 1921 మార్చి తుదను, ఏప్రిల్ మొదటను బెజవాడలో అఖిలభారత కాంగ్రెసు సంఘ సమావేశము జరిగెను. 1929లో ఖద్దరు నిధికై ఆంధ్రమంతటను తిరిగెను. 1933 డిసెంబరులో హరిజన యాత్రలో వచ్చెను. పటము వీనిలో దేనిదో తేల్చుటకు ఆయన దుస్తులే చాలును. 1921 సెప్టెంబరు 22న మదురలో ఆయన చొక్కాను, టోపీని విడిచి కొల్లాయి ధరించెను. కనుక చొక్కా తొడిగి టోపీ పెట్టిన గాంధీ ఉన్న పటము 1929 నాటిది కానేరదు. 1929లో పుట్టిన తాత ఆ పటములో ఎంత వెదకినను దొరకడు.

ఇట్టి కాలసూచకములు పటము మూలమూలలను దాగియుండును. పతాకముపై రాటమున్నదా, అశోకచక్రమున్నదా? చక్రము గల జాతీయపతాకము 1947 జూలై 22న అంగీకరింపబడినది. రైలు స్టేషనులో మదరాసు-దక్షిణ మహారాష్ట్ర రైల్వే వారి పేరున్న యెడల, ఆ సంస్థ 1908లో ఏర్పడి 1951 ఏప్రిల్ 14న దక్షిణ రైల్వేలో లీనమైనది. అంగడిపలకపై ధర అణాలలో ఉన్నచో, నయాపైసలు వచ్చిన 1957 ఏప్రిల్ 1కి ముందటిది కావచ్చును. చిరునామాలో ఆరంకెల పిన్‌కోడు ఉన్నచో 1972 ఆగస్టు 15కు తరువాతిదే. చార్మినారు నాలుగువైపుల గడియారములు 1889లో అమర్చినవి. గడియారములేని చార్మినారు అంతకు పూర్వపుది. రాజమహేంద్రవరమున గోదావరిపై హేవలాకు వంతెన 1900లో తెరువబడినది, రోడ్డు-రైలు వంతెన 1974లో వచ్చినది, విల్లు వంతెన 1997లో పూర్తియైనది. ఎన్ని వంతెనలు కనబడుచున్నవో లెక్కించిన కాలము కొంత తేలును. బెజవాడలో కృష్ణకు అడ్డముగా 1855లో పూర్తియైన పాత ఆనకట్ట కనబడునా, 1957లో వాడుకలోనికి వచ్చిన ప్రకాశం బ్యారేజి కనబడునా యని చూచుటయు అట్టిదే.

ఐనను ఇందొక మెలకువ వలయును. వస్తువు పటమున నుండుటచేత అది పుట్టిన తరువాతి పటమని మాత్రమే తేలును. అది ఎంతకాలము నిలిచినదో వేరుగా విచారింపవలెను. బడిగోడపై గడ్డముతోనున్న ఐదవ జార్జి చక్రవర్తి పటమున్నదనుకొనుడు. ఆయన 1910 మొదలు 1936 వరకు ఏలెను. కాని చక్రవర్తి మరణించిననాడే పల్లెబడి పంతులు గోడనుండి పటమును దింపెనని ఎవరు చెప్పగలరు? అట్లే, గ్రామ మునసబు, కరణముల పదవులు 1984లో ఆంధ్రప్రదేశమున రద్దయినవి. పటము వెనుక "మునసబుగారు" అని వ్రాసియుండుటచేత అది 1984కు ముందటిదని నిశ్చయింపరాదు. పదవి పోయినను పిలుపు పోదు.

ఛాయాచిత్రము అబద్ధమాడదని కొందరందురు. అది తన భాషలో నిజము చెప్పును. ఆ భాష రానివాడు మోసపోవును. పూర్వపు గాజుపలకలలో పెక్కింటికి ఎరుపు రంగును గ్రహించు శక్తి లేదు. నీలమును మిక్కిలిగా గ్రహించును. అందుచేత కుంకుమబొట్టు నల్లగా పడును, ఎఱ్ఱచీర నల్లచీరవలె కనబడును, లేత నీలపుచీర తెల్లచీరగా మారును. తెల్లచీర యని తలంచి, ముత్తైదువను వితంతువుగా నిర్ణయించినచో ఎంత యపచారము! ఆ మాట ఆమె భర్త మరణకాలమును మార్చును, పిల్లల వయస్సులను మార్చును, తుదకు పటమే మరియొకరి దగును.

పలకను తిరుగవేసి అచ్చుతీసినయెడల కుడి యెడమగును, ఎడమ కుడియగును. పటములో అక్షరములున్నచో సులభముగా తెలియును. లేకున్న జందెము చూడవలెను. అది ఎడమభుజముమీదినుండి కుడివైపునకు దిగుట సాధారణము. కుడిభుజముపై నున్నచో పటము తిరుగబడినదనుకొనవచ్చును. పితృకార్యము నడుమ తీసిన పటమైన జందెము సరియే, పటమును సరియే. పైటనుబట్టి మాత్రము తొందరపడరాదు. కుడిపైట వేయు వాడుకయు కొన్ని ప్రాంతములలో, కొన్ని కుటుంబములలో కలదు.

పట్టణపు చిత్రశాలలో తీయించుకొన్న పటములు మరియొక తెరగు. వెనుకనున్న మేడ, ఉద్యానవనము, మెట్లవరుస గుడ్డపై వ్రాసిన బొమ్మలు. కుర్చీ, పూలకుండి, బల్లపై పుస్తకము, ఒక్కొక్కప్పుడు ఒంటిపైనున్న కోటుకూడ చిత్రశాలవారివే. "మా ముత్తాత ఆ రోజులలోనే మేడ కట్టెను" అని దానినిబట్టి చెప్పుకొనుట సంతోషకరమే కాని సాక్ష్యము కాదు. అట్ట అడుగున చిత్రశాల పేరు అచ్చువేసియుండును. అది విలువైన ఆనవాలు. ఐనను పేరు ఒక తరమునకే పరిమితము కాదని గుర్తుంచుకొనవలెను. నిజాము కొలువు ఛాయాగ్రాహకుడైన రాజా దీన్‌దయాళ్ 1905లో గతించెను. ఆయన పేరిటి సంస్థ కుమారులతో కలిపి "రాజా దీన్‌దయాళ్ అండ్ సన్స్" అని ప్రసిద్ధి చెందెను. అట్టపై పేరున్నంతమాత్రమున ఆ పటమును ఆయన స్వహస్తములతో తీసెనని నిర్ణయింపరాదు.

ఇక స్థలములు. మనుష్యునికంటె స్థలమును గుర్తించుట సులభమని తోచును. కాని చెట్టు కూలును, ఇల్లు పడిపోవును, వీథి వెడల్పగును, చెరువు పూడును. నిలుచునవి కొండ అంచు, ఏటి మలుపు, గుడిశిఖరము, రాతిగట్టు. పటములోని కొండ అంచును బయట నిలిచి కంటితో పోల్చి చూడవలెను. రెండు గుర్తులు, దూరపుదొకటి దగ్గరిదొకటి, పటములో ఎట్లు ఒకదానివెనుక నొకటి పడినవో, అట్లే కంటికి పడునంతవరకు అటునిటు జరుగవలెను. అట్లు పడినచోటనే నాడు కెమెరా నిలిచినది.

ఈ పద్ధతి హంపీలో ఫలించినది. 1856లో మదరాసు సైన్యాధికారియైన అలెగ్జాండర్ గ్రీన్‌లా మైనము పూసిన కాగితపు నెగెటివులపై విజయనగర శిథిలములను చిత్రించెను. వానిని చేతబట్టుకొని, 1983లో జాన్ గోలింగ్స్ అను ఆస్ట్రేలియా ఛాయాగ్రాహకుడు ఆయా తావులకే పోయి, అవే కోణములనుండి తిరిగి పటములు తీసెను. రెంటిని ప్రక్కప్రక్కన పెట్టగా నూటయిరువదియేండ్లకు మించిన కాలములో ఏది పడిపోయినదో, ఏది బాగుచేయబడినదో తెల్లమైనది. విఠ్ఠలాలయపు రాతిరథము నేడు పైన మొండిగానున్నది. గ్రీన్‌లా పటములో దానిమీద ఇటుకల శిఖరమున్నది. ఆ పటము లేనిచో రథము మొదటినుండియు అట్లే యుండెనని చూచువారు తలంచియుందురు.

పల్లెలో ఈ పనికి రెవిన్యూ లెక్కలు మిక్కిలి తోడ్పడును. గ్రామపటమున పాత దారులు, వాగులు, చెరువుగట్లు, గ్రామకంఠము గుర్తింపబడియుండును. పొలము కొలతల పుస్తకమున ఒక్కొక్క సర్వే నెంబరునకు సరిహద్దురాళ్లు చూపబడియుండును. పటములో పొలముగట్టున రాయి కనబడి, దాని వెనుక దిగుడుబావియు, ఆ వెనుక గుడిశిఖరమును వరుసగా కనబడినచో, ఆ మూటిని గ్రామపటముపై కలిపి గీతగీసిన కెమెరా నిలిచిన దిక్కు తెలియును.

ఐతే కదలనివని తలంచు కట్టడములును ఒక్కొక్కప్పుడు కదలుచుండును. కృష్ణా తుంగభద్రల సంగమమున కూడవెల్లి సంగమేశ్వరాలయము శ్రీశైలం జలాశయమున మునుగవలసినదై, రాతికి రాయి విప్పి ఆలంపురమున తిరిగి నిలుపబడినది. నాగార్జునకొండ లోయలో 1954 మొదలు 1960 వరకు త్రవ్వి బయటపెట్టిన కట్టడములలో కొన్నిటిని కొండపైకిని, అనుపునకును తరలించి నిలిపిరి. లోయ సాగరమున మునిగినది. గుడి ఒక్కటే, తావులు రెండు. పటములో గుడి వెనుక రెండు నదులు కలియుచున్నచో అది నేటి తావు కాదు. ఆ జలాశయముల క్రింద అనేక గ్రామములు పోయినవి. అట్టి యూరివారి యింట నున్న వీథిపటము ఊరికి మారుగా మిగిలినది. దానివెనుక రెండు మాటలు వ్రాయనియెడల ఊరు రెండవసారి మునిగినట్లే.

ఆనవాళ్లన్నియు చూచిన తరువాత సాక్షులను అడుగవలెను. సాక్షి యెట్లుండవలెనో లక్ష్మణుడు చూపెను. సుగ్రీవుడు ఆభరణముల మూటను తెచ్చి చూపగా, కేయూరములను తా నెరుగననియు, కుండలముల నెరుగననియు, నిత్యము పాదములకు నమస్కరించుటచే అందెలను మాత్రమే యెరుగుదుననియు లక్ష్మణుడు పలికెను. అన్నగారు దుఃఖమున నున్నారు, అన్నియు వదినగారివే యని చెప్పినచో ఊరట కలుగును. ఐనను తా నెరిగినంతకు మించి అతడు చెప్పలేదు. "పగిడీవారెవరో తెలియదు, ప్రక్కనున్న ఎద్దుమాత్రము మాదే" యని చెప్పు ముసలివాని మాట బంగారము. అన్ని ముఖములకు తడుముకొనకుండ పేర్లు చెప్పువానిని మరల విచారింపవలెను.

అడుగువాడును జాగ్రత్తగా నుండవలెను. "ఇతడు ఫలానావారు కదా?" యని అడిగినచో మర్యాదకు ఔననువారే యెక్కువ. "ఇతడెవరు?" అని మాత్రమే అడుగవలెను. ఇద్దరు ముగ్గురను వేరువేరుగా, ఒకరి మాట ఒకరికి తెలియకుండ అడుగవలెను. మహాత్ముని ప్రక్కన నిలుచున్నవాడు మాత్రము ఏ యూర నైనను నాలుగిండ్లవారికి తాతయగును. అప్పుడు తగవు పెట్టుకొనక, నాలుగు పేర్లను, చెప్పినవారి పేర్లతో సహా వ్రాసియుంచుట న్యాయము.

నేడు సెల్‌ఫోనులును కంప్యూటరులును ముఖమును ముఖముతో పోల్చి పేరు సూచించుచున్నవి. నలుపు తెలుపు పటములకు రంగులును అద్దుచున్నవి. మరుగుపడిన అక్షరములను పెద్దవి చేసి చదువుటకు, ఒకే వ్యక్తి కనబడు పటములను దగ్గరచేర్చుటకు ఇవి పనికివచ్చును. కాని యంత్రము చెప్పునది పోలికయే. తాత ముఖము మనుమనికి వచ్చిన వంశమున అదియు మండోదరినే చూపవచ్చును. యంత్రము వేసిన చీరరంగు నాటి చీరరంగు కాదు. దానినిబట్టి ఏమియు నిర్ణయింపరాదు.

ఇంతవరకు పద్ధతి. ఇక ముఖ్యవిషయము. పాత సామూహిక పటము నొకదానిని తీసి చూడుడు. కుర్చీలలో కూర్చున్నవారి పేర్లు ఎట్లో యొకట్లు తెలియును. వారి పేర శిలాఫలకములున్నవి, దస్తావేజులున్నవి, వంశవృక్షములున్నవి. వెనుకవరుసలో నిలుచున్నవారి పేర్లు సగము తెలియును. నేలపై కూర్చున్నవారు, అంచున గొడుగు పట్టినవారు, తలుపుచాటున సగము కనబడు స్త్రీలు, బండి ప్రక్కను తలపాగాతో నిలిచిన పాలేరు, వీరి పేర్లు ఎచ్చటను లేవు. పేరున్నచోటను "ఫలానావారి భార్య", "ఫలానావారి మనిషి" అనియే యుండును.

ఈ కొరత నేటిది కాదు. భవభూతి ఉత్తరరామచరితమున మొదటి యంకములో చిత్రపటములు చూచు ఘట్టమున్నది. లక్ష్మణుడు పటములను చూపుచు, వివాహవేళ నాటి సీతను, మాండవిని, శ్రుతకీర్తిని పేరుపేరున చెప్పెను. అప్పుడు సీత, మరియొకతెను చూపి, "ఈమె యెవరు?" అని అడిగెను. ఆమె ఊర్మిళ. లక్ష్మణుడు సిగ్గుపడి నవ్వుకొని, మాట మార్చి పరశురాముని చూపెను. నాటకమున అది సరసమైన ఘట్టము. సీతకు తెలిసియే అడిగినది కనుక నష్టము లేదు. పల్లెయిండ్లలో మాత్రము భర్త సిగ్గుచేత భార్య పేరు చెప్పలేదు, భార్య మర్యాదచేత భర్త పేరు చెప్పలేదు, కొడుకులు "అమ్మ" యనిరి, మనుమలు "నాయనమ్మ" యనిరి. ఆమె అసలుపేరు ఆమె పుట్టింటివారితోనే పోయినది. పేరు దాచుకొన్న ప్రేమ పేరును నిలుపలేకపోయినది.

కావున గ్రంథాలయము ఈ పని చేపట్టినచో, కుర్చీలనుండి కాక నేలమీదినుండి మొదలుపెట్టవలెను. కుర్చీలోనివారిని పదియేండ్ల తరువాత నైనను కాగితములనుబట్టి తెలిసికొనవచ్చును. నేలపైనున్నవారు ఒకరిద్దరు వృద్ధుల జ్ఞాపకములోనే యున్నారు. పటమును గొప్పయిండ్లలోనే చూపి తృప్తిపడక, పాలెములకు, పేటలకు తీసికొనిపోయి చూపవలెను. కామందుల యింటి పటములో తన తండ్రిని చూచుకొనువాని యింట ఆ తండ్రి పటము మరియొకటి లేకపోవచ్చును. అట్టివానికి ఒక నకలు ఇచ్చుట గ్రంథాలయము చేయగల దానములలో నొకటి.

పద్దు ఎట్లుండవలెననగా: పటమునకొక సంఖ్య, ఏ యింటిది, వెనుక వ్రాత యున్నచో మక్కికి మక్కి, చూచువాని ఎడమనుండి కుడికి, వరుస వరుసగా వ్యక్తులు, పేరు చెప్పినదెవరు, ఏ తేదీన, ఏ యాధారముతో, తుదను నిశ్చయమా, సంభావ్యమా, తెలియదా. "తెలియదు" అని వ్రాయుటకు సంకోచింపరాదు. ఆధారము లేని అంకె లెక్కను ఎట్లు చెరచునో, ఆధారము లేని పేరు చరిత్రను అట్లే చెరచును. పటము వెనుక సిరాతో వ్రాయక, మెత్తని పెన్సిలుతో తేలికగా వ్రాయవలెను. అద్దమునకు అంటుకొన్న పటమును బలవంతముగా ఊడదీయరాదు. అద్దముతోనే నకలు తీయించవలెను. మూలము ఇంటివారిదే, గ్రంథాలయమునకు నకలును, పేర్ల పద్దును చాలును. నకళ్లు రెండుచోట్ల నుండవలెను. 1977 నవంబరు 19నాటి దివిసీమ యుప్పెనలో ప్రాణములు పోయిన యిండ్లు కొన్ని, పటముకూడ మిగులని యిండ్లు మరికొన్ని. చెదపురుగునకు, తడికి, వరదకు ఊరి గొప్ప తెలియదు.

గ్రంథాలయములో పుస్తకములకు కర్తలున్నారు. ఈ గ్రామమునకు కర్తలైనవారు, దున్నినవారు, త్రవ్వినవారు, కట్టినవారు, వండిపెట్టినవారు, పెంచినవారు, ఆ పటములలో పేర్లులేక నిలిచియున్నారు. వారిని పేరుపెట్టి పిలువగలవారు ఈ యూర ఇంకను కొందరున్నారు. వారిలో పెక్కుమందికి ఎనుబది దాటినది, చూపు మందగించుచున్నది. పటమును వెలుతురులో పట్టి, పెద్దదిగా చేసి, వారి ప్రక్కన కూర్చుండి, ఓర్పుతో అడుగవలసినవారు యువకులు. సభ ముగిసిన తరువాత ఎవరి యింటికి వారు పోయి ఒక్కొక్క పటమును దింపి, దుమ్ము తుడిచి, పెద్దవారి చేతికిచ్చి "ఈమె పేరేమి?" అని అడిగినచో ఈ యుత్సవము సార్థకమగును.

స్వస్తి.